బొంత కుట్టే ముందు అది ఎక్కడ ఆరుతుందో కనుక్కోండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయనగరంలో మీ అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు పన్నెండు మంది కలిసి పాత చీరలతో బొంతలు కుట్టి, సంక్రాంతికి లేనివాళ్లకు పంచాలనుకుంటున్నారు. అరవై చీరలు పోగయ్యాయి, అందులో సగం సింథటిక్. ఎన్ని పొరలు వెయ్యాలి, లోపల ఫైబర్ పెట్టాలా, మిషన్ మీద కుట్టొచ్చా, ఎవరికి ఇవ్వాలి అని అడిగారు. నేను శ్రీకాకుళంలో ఉంటాను. మేం తొమ్మిది మందిమి 2018 చివరి నుంచి ఇదే పని చేస్తున్నాం. మాకు తెలిసింది చెబుతాను. కొంచెం పెద్దదవుతుంది, తీరిగ్గా చదువుకోండి.

ముందు మేం చేసిన తప్పు చెబుతాను. అది తెలిస్తే మీ ప్రశ్నల్లో సగానికి జవాబు దొరుకుతుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. మేం కూడా అందరిలాగే ఇంటింటికీ తిరిగి పాత బట్టలు మూటలు కట్టి ఆటోలో వేసుకుని వజ్రపుకొత్తూరు వైపు వెళ్లాం. అక్కడ రోడ్డు పక్కన అప్పటికే గుట్టలుగా బట్టలు పడి ఉన్నాయి. చిరిగిన జాకెట్లు, జిప్పు లేని ప్యాంట్లు, వానకి తడిసి బురద పట్టిన చీరలు. ఎవరూ ముట్టుకోలేదు. మా మూటలు కూడా ఆ గుట్ట మీదే పెట్టి రావడానికి మనసొప్పక వెనక్కి తెచ్చేశాం. వాటిలో మంచి నూలు చీరలు ఏరి, ఆ ఏడాది చలికాలానికి బొంతలు కుట్టడం మొదలుపెట్టాం.

మొదటి పది బొంతలు చాలా ప్రేమగా కుట్టాం. ఎంత దళసరిగా ఉంటే అంత వెచ్చన అనుకుని ఒక్కోదానికి ఆరు చీరలు పెట్టాం. చేత్తో పట్టుకుంటే పరుపులా ఉండేవి. మాకు ఎంతో తృప్తిగా అనిపించింది. అందులో ఒకటి తీర గ్రామంలో ఒంటరిగా ఉండే ఒక మామ్మకి ఇచ్చాం. రెండు నెలల తర్వాత అటు వెళ్లినప్పుడు ఆవిడ ఇంటికి వెళ్లి చూస్తే, బొంత ఒక మూల మడత పెట్టి ఉంది. ఆవిడ మాత్రం పల్చటి పాత దుప్పటి కప్పుకుంటోంది. బొంత దగ్గరికి వెళితే ముక్కిన వాసన కొట్టింది. లోపలి పొరల్లో నల్లటి బూజు చుక్కలు. నేను ఏమీ అడగకముందే ఆవిడే అంది: "బాగుందమ్మా, వెచ్చగుంటాది. గానీ తడిపితే నాను లేపలేను. పిండలేను. మూడు రోజులైనా ఆరలేదు."

ఆరు చీరలంటే పొడిగా ఉన్నప్పుడే రెండున్నర, మూడు కిలోలు. నూలు నీళ్లు పీల్చుకుంటే బరువు ఎన్నో రెట్లు అవుతుంది. డెబ్భై ఏళ్ల మనిషి ఆ తడి మూట బోరింగు దగ్గర నుంచి ఇంటికి ఎలా మోసుకొస్తుంది? దండెం మీద ఎలా వేస్తుంది? వేసినా సముద్రపు గాలికి ఆ దళసరి లోపల ఎప్పటికి ఆరుతుంది? ఇదేదీ మేం ఆలోచించలేదు. మన ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉంది, డాబా ఉంది, మార్చుకోవడానికి ఇంకో నాలుగు దుప్పట్లు ఉన్నాయి. ఆవిడకి ఉన్నది ఒక్కటే. పొద్దున ఉతికితే రాత్రికి కప్పుకోవడానికి ఆరి ఉండాలి.

అప్పటి నుంచి మాది ఒకటే కొలత. ఉదయం ఉతికింది సాయంత్రానికి ఆరాలి, ఒక్క మనిషి పిండగలగాలి. పొరలు, కుట్టు, సైజు అన్నీ దాన్నిబట్టే.

ఇక లెక్క చెబుతాను. మామూలు చీర అయిదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. ఆరేసి అడుగుల చొప్పున అడ్డంగా కోస్తే సరిగ్గా మూడు ముక్కలు వస్తాయి. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, నలభై అయిదు అంగుళాలు. ఒక్క పన్నా పెద్దవాళ్లకి చాలదు, అటు తిరిగితే ఇటు చలి. రెండు పన్నాలు కలిపితే మరీ వెడల్పు, బరువు కూడా. అందుకని పన్నాన్నర పెడతాం. మూడు ముక్కల్లో ఒకదాన్ని నిలువునా రెండుగా చీల్చి, మిగతా రెండింటికి చెరొక సగం జతచేస్తే ఒక చీరలో అయిదున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న రెండు పొరలు వస్తాయి. రెండు చీరలకి నాలుగు పొరలు. మన మైదాన ప్రాంతంలో చలికి ఇది చాలు. బరువు కిలోకి అటూఇటూ ఉంటుంది. కొండ మీద ఊళ్లకైతే మూడు చీరలు, ఆరు పొరలు. అంతకు మించి వెయ్యకండి. ఇంకా చలి అంటే ఒకే దళసరి బొంత కన్నా రెండు పల్చటి బొంతలు ఇవ్వడం మేలు. ఒకటి ఆరుతుంటే ఒకటి కప్పుకుంటారు. రెండూ కలిపి కప్పుకుంటే మధ్యలో గాలి నిలిచి ఇంకా వెచ్చగా ఉంటుంది. బొంతకి వెచ్చదనం వచ్చేదే పొరల మధ్య నిలిచే గాలి వల్ల. బరువు వల్ల కాదు.

జతచేసిన అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా చూసుకోండి. మొదటి పొర అతుకు కుడివైపు వస్తే రెండోది తిప్పి ఎడమవైపు రానివ్వండి. లేకపోతే అక్కడ గట్టు కట్టినట్టు అయి పడుకున్నవాళ్లకి ఒత్తుకుంటుంది. గట్టిగా ఉన్న గుడ్డ పైకీ కిందకీ, పలచబడినది లోపలికి. చీర ముందు అరిగేది కూర్చునే చోట, కాళ్ల దగ్గర అంచు. ఎండకెత్తి చూస్తే అరిగిన చోటు జల్లెడలా తెలుస్తుంది.

ఫాల్స్ మాత్రం పారెయ్యకండి. చీర నుంచి విప్పేశాక నూలు ఫాల్ అయితే దాచుకోండి. ఈ బొంత చుట్టుకొలత ఇరవై మూడు అడుగులు. మూడు ఫాల్స్ కలిపితే చుట్టూ అంచు పట్టీ సరిపోతుంది. బొంత ముందు చిరిగేది అంచు దగ్గరే కాబట్టి ఆ పట్టీ దాని ఆయుష్షు పెంచుతుంది. పట్టీ వరకు మిషన్ మీద వేసుకోండి. మధ్యలో కుట్టు మాత్రం చేత్తోనే. ఇంటి మిషన్‌కి నాలుగు పొరలు వెళ్తాయి గానీ పై పొర జరిగి ముడతలు పడుతుంది. పైగా పాత గుడ్డ మీద మిషన్ సన్నకుట్టు వేస్తే అదే గీత వెంట చిరుగుతుంది. ఇది మాకు రెండు బొంతలు పాడయ్యాక తెలిసింది.

ఫైబర్ వద్దు. ఉతికితే ఉండలు కడుతుంది. దూది కూడా వద్దు, ఒకసారి తడిస్తే ముద్దైపోతుంది. చీర పొరలే చాలు, మన అమ్మమ్మలు చేసింది అదే.

సింథటిక్ చీరల సంగతికి వద్దాం. ఇక్కడ కొంచెం గట్టిగానే చెబుతాను. ఆ ముప్ఫై చీరలు బొంతలకి వాడకండి. మీరు ఇవ్వాలనుకుంటున్న మనుషులు చలికాలంలో ఎలా పడుకుంటారో ఒక్కసారి ఆలోచించండి. సీతంపేట వైపు, సాలూరు కొండల మీద రాత్రుళ్లు నెగడు పక్కనే పడుకుంటారు. ఇటుక బట్టీల దగ్గర వలస కూలీలు బట్టీ వేడికి చేరువలో పడుకుంటారు. ఊళ్లలో ముసలివాళ్లు మంచం పక్కన కుంపటి పెట్టుకుంటారు. నిప్పురవ్వ పడితే నూలుకీ చిల్లు పడుతుంది, అంటుకుంటుంది కూడా. కానీ దాన్ని విదిల్చి అవతలికి లాగేయొచ్చు. పాలిస్టర్, నైలాన్ అయితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. ఆ కాలిన గాయం చాలా లోతుగా ఉంటుంది. మనం ప్రేమతో ఇచ్చినది ఒకరి ఒంటికి అతుక్కోకూడదు.

ఏది నూలో ఏది కాదో చెప్పడం ఈ రోజుల్లో చూపుతో కాదు. అంచు నుంచి నాలుగు దారప్పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే నూలు. ముడుచుకుపోయి చివర నల్లటి గట్టి పూస కడితే పాలిస్టర్. రెండూ కలిసిన గుడ్డైతే బూడిదలో గట్టి రేణువులు తగులుతాయి, అదీ పక్కన పెట్టండి. మేం కొత్తగా వచ్చిన ప్రతి చీరకీ గుమ్మం బయట ఈ పరీక్ష చేస్తాం. అవి ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారని భయపడకండి. సింథటిక్ చీరలు సంచులు కుట్టడానికి బాగా పనికొస్తాయి. బొంత పెట్టి ఇవ్వడానికి సంచి ఎలాగూ కావాలి. వాన చినుకులకి తడిసినా పాలిస్టరే త్వరగా ఆరుతుంది కూడా.

చీరలు రాగానే కుట్టడానికి కూర్చోకండి. వేడినీళ్లలో నానబెట్టి ఉతకాలి. గంజి పూర్తిగా పోవాలి, లేకపోతే నిలవలో పురుగు పడుతుంది. రంగు పోయేవి విడిగా. ఉతికితే గుడ్డ ఎంత ముడుచుకోవాలో అంతా ముందే ముడుచుకుంటుంది. తర్వాత బొంత వంకర తిరగదు. ఉతకడానికి వీలు లేకపోతే ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి వారం రోజులు వదిలెయ్యండి. గజ్జి పురుగు మనిషి ఒంటికి దూరమైతే మామూలుగా మూడు రోజులకి మించి బతకదు. వారం అంటే మనకి బెంగ ఉండదు. ఇది పుచ్చుకునేవాళ్ల కోసమే కాదు, కుట్టేవాళ్ల కోసం కూడా. ఆ గుడ్డ మీదే గంటలు గంటలు కూర్చునేది మనమే.

కుట్టు విషయం. నేల మీద పొరలన్నీ పరిచి, నాలుగు మూలలా బరువు పెట్టి, చేత్తో మధ్య నుంచి బయటికి తోస్తూ ముడతలు తీసెయ్యండి. తర్వాత పొరలు జరగకుండా మధ్యలోంచి అంచులకి పెద్ద పెద్ద టాకాలు, అంటే తర్వాత తీసేసే వదులు కుట్లు, వెయ్యండి. అప్పుడు గానీ అసలు కుట్టు మొదలుపెట్టకూడదు. సాదా రన్నింగ్ కుట్టు చాలు. ఒక్కో కుట్టు అర అంగుళం, వరసకీ వరసకీ మధ్య అంగుళంన్నర. మీ చేతి రెండు వేళ్లు ఆనించి చూసుకుంటే చాలు. దాని కన్నా ఎడం అయితే ఉతికినప్పుడు పొరలు జారతాయి. మరీ దగ్గరైతే బొంత అట్టలా అవుతుంది, గాలి నిలవదు, ఆరదు. నూలు దారం రెండు పేటలు. నైలాన్ దారం గట్టిది గానీ ముడి నిలవదు. ఒక పెద్ద బొంతకి ఈ లెక్కన నలభై నాలుగు వరసలు వస్తాయి, సుమారు రెండు వందల మీటర్ల దారం పడుతుంది. మాలో నలుగురు చుట్టూ కూర్చుంటే రెండు మధ్యాహ్నాల పని. మీరు పన్నెండు మంది కాబట్టి మూడు జట్లుగా విడిపోండి. ఒకే బొంత చుట్టూ పన్నెండు మంది కూర్చుంటే మోచేతులు తగులుతాయి.

ఒక్కొక్కరి చేతి కుట్టు ఒక్కోలా ఉంటుంది. మా అప్ప వేసిన వరస గీత గీసినట్టు ఉంటుంది, పక్కనే కొత్తగా వచ్చిన అమ్మాయి వరస అలలా పోతుంది. విప్పించకండి. గట్టిగా ఉంటే చాలు. మొదటి రోజే విప్పించి మళ్లీ కుట్టిస్తే ఆ అమ్మాయి రెండో వారం రాదు.

గుండుసూదులు అసలు వాడకండి, టాకాలే వెయ్యండి. మేం వాడేవాళ్లం. ఒకసారి ఒక గుండుసూది లోపలి పొరల్లో ఉండిపోయింది. ఆ బొంత తీసుకున్నామె చేతికి గుచ్చుకున్నాక గానీ మాకు తెలియలేదు. చంటిపిల్ల ఉన్న ఇల్లు అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు కూర్చునే ముందు సూదులు లెక్కపెట్టి చీటీ మీద రాస్తాం, లేచే ముందు మళ్లీ లెక్కపెడతాం. ఒకటి తగ్గితే అది దొరికేదాకా ఎవరూ ఇంటికి వెళ్లరు. పూర్తయిన ప్రతి బొంత మీద రెండు వైపులా పెద్ద అయస్కాంతం తిప్పుతాం. పాత స్పీకర్లోంచి తీసినదైనా పనికొస్తుంది.

చంటిపిల్లలకి కుడితే కింద పరిచేవే కుట్టండి, కప్పేవి వద్దు. ఏడాది లోపు పిల్లల మీద వదులుగా బొంత వేస్తే ముఖం మీదికి జారే ప్రమాదం ఉంది. ఇచ్చేటప్పుడు తల్లికి ఆ మాట చెప్పి ఇవ్వండి. జరీ, చమ్కీలు, గుండీలు ఏవీ ఉండకూడదు.

ఇక ఎవరికి ఇవ్వాలి? మీరు రాసిన జాబితాలో రోడ్డు పక్కన ఉండేవాళ్లు, వృద్ధాశ్రమం ఉన్నాయి. మంచిదే. నేను ఇంకొకరిని చేర్చమంటాను. మన ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు తెలుసు. పలాస, సోంపేట వైపు నుంచి ఎంతమంది వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తారో తెలుసు. ఒక్కోసారికి నాలుగు గంటలు మంచం మీద ఉండాలి. ఆ సమయంలో చాలామందికి బాగా చలేస్తుంది. రక్తం బయటికి వెళ్లి తిరిగి వస్తుంటుంది, పైన ఫ్యానో ఏసీయో ఉంటుంది. మా వీధిలో ఒక బాబాయి బస్సులో వెళ్తూ ఇంట్లో దుప్పటి చంకలో పెట్టుకెళ్లడం చూశాక మాకీ ఆలోచన వచ్చింది.

వాళ్లకి పెద్ద బొంత వద్దు. నాలుగడుగుల పొడవు, పన్నా వెడల్పు, రెండే పొరలు, మహా అయితే మూడు. చేతిసంచిలో పట్టాలి, బస్సులో ఒళ్లో పెట్టుకోవాలి. ముఖ్యంగా సూదులు గుచ్చిన చెయ్యి నర్సుకి ఎప్పుడూ కనబడుతూ ఉండాలి, దాన్ని కప్పకూడదు. సూది జారితే రక్తం పోవడం గుడ్డ కింద తెలియదు. అందుకే ఛాతీ నుంచి కాళ్ల దాకా వచ్చి చెయ్యి బయట ఉండే కొలతే సరైనది. లేత రంగు గుడ్డ పెడతాం, మరక పడితే వెంటనే కనిపించాలని. ఒకరిది ఒకరే వాడాలి, వెళ్లొచ్చిన ప్రతిసారీ ఉతకాలి. అందుకని మనిషికి రెండు ఇస్తాం. అక్కడి నర్సమ్మని ముందు అడగకుండా ఏదీ తీసుకెళ్లకండి. వాళ్ల పద్ధతులు వాళ్లకుంటాయి.

ఎవరికైనా సరే, ముందు వెళ్లి అడగండి. ఊళ్లో ఆశా కార్యకర్తకి ఏ ఇంట్లో ఎవరికి కప్పుకోను లేదో మనకన్నా బాగా తెలుసు. కొందరు సూటిగా "మాకు బొంత వద్దమ్మా, కొత్త రగ్గు ఇవ్వండి" అంటారు. తప్పు పట్టకండి. బొంత అంటే లేమికి గుర్తుగా బతికినవాళ్లు వాళ్లు. వేరేవాళ్లు కట్టిన గుడ్డ కప్పుకోకూడదనే పట్టింపు కూడా కొన్ని ఇళ్లలో ఉంటుంది. మా దగ్గర కొంచెం డబ్బు పక్కన పెడతాం, అలా అడిగినవాళ్లకి రగ్గు కొనిస్తాం. పోయిన మనిషి చీరలు ఎవరైనా తెస్తే మాత్రం విడిగా పెట్టి, వాళ్లనే అడగండి, ఇవ్వమంటారా, మీకే ఒక బొంత కుట్టి ఇవ్వమంటారా అని. ఒకామె వాళ్ల నాన్న కట్టుకున్న పొందూరు ఖద్దరు పంచెలు రెండు తెచ్చింది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి నేసిన గుడ్డ, వెన్నలా ఉంది. కత్తెర పెట్టబోతుంటే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒకటి ఆమెకి వెనక్కిచ్చేశాం. రెండోది డయాలసిస్ బొంతకి పైపొర అయింది. అది తీసుకున్న పెద్దాయన చెయ్యి పెట్టి రాస్తూ, "ఇది పొందూరు గుడ్డ గదూ" అని గుర్తుపట్టాడు.

సంక్రాంతికి పంచుతామన్నారు. అప్పటికి చలి చివరికొచ్చేస్తుంది. కార్తీకంలో ఇవ్వాలి. మీకు గుర్తుండేలా చెప్పాలంటే, దసరా వెళ్లిన మంగళవారం మీ పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాటికి బొంతలన్నీ కుట్టి కట్టలు కట్టి ఉండాలి. చీరలు ఏప్రిల్, మే ఎండల్లో ఉతికి ఆరేసుకుంటే వానాకాలం మధ్యాహ్నాలు కూర్చుని కుట్టుకోవచ్చు. తుఫాన్లు ఎక్కువగా వచ్చేదీ అక్టోబరు ప్రాంతంలోనే కాబట్టి నిలవ చేతిలో ఉన్నట్టూ ఉంటుంది. అయితే తుఫాను వచ్చిన మూడో రోజే బొంతలు పట్టుకెళ్లకండి. ఇల్లంతా తడిసి ఉన్నప్పుడు బొంత ఇంకో తడి మూట అవుతుంది. అప్పుడు కావలసింది టార్పాలిన్లు, మంచినీళ్లు, ఒక జత పొడిబట్టలు. ఇంటికి మళ్లీ పైకప్పు వేసుకున్నాక బొంతలు తీసుకెళ్లండి.

ఇచ్చేటప్పుడు వరసలో నిలబెట్టి ఫొటోలు తీసే పని పెట్టుకోకండమ్మా. గ్రూపులో పెట్టాలనుకుంటే బొంతల ఫొటో పెట్టండి.

మీ మొదటి బొంత పూర్తయ్యాక ఎవరికీ ఇవ్వకండి. మీ ఇంట్లో నెల రోజులు కప్పుకోండి. తర్వాత బకెట్లో నానబెట్టి, చేత్తో ఉతికి, మీ పన్నెండు మందిలో వయసులో పెద్దావిడ చేత పిండించి, డాబా మీద కాకుండా బాల్కనీలో నీడపట్టున ఆరేసి చూడండి. సాయంత్రం ఆరు గంటలకి మధ్యలో చెయ్యి పెట్టండి. చల్లగా తగిలితే ఒక పొర తగ్గించాలి. ఎలా వచ్చిందో రాయండి. మేం గుడ్డ కోసే కొలతల కాగితం గీసి ఫొటో పెడతాను.